సన్నదారిలో చెరువు మట్టి

మెట్‌పల్లి వైపు పసుపు చేలల్లో వానలు వెనకబడగానే ఒక పని తప్పదు. డ్రిప్పు లాటరల్ (మొక్కల సాలు వెంట సాగే సన్న పైపు) చివర మూత విప్పి నీళ్ళు వదలాలి. మొదటి జగ్గెడు చిక్కటి చాయ్ రంగులో వస్తుంది, వేళ్ళ మధ్య రాస్తే జిగురు. కాసేపటికి తేటబడుతుంది.

"ఫిల్టర్ పెట్టినమే అన్నా, మళ్ళెట్ల జామయింది?"

"యాసిడ్ కొట్టు తమ్మీ," అంటాడు దుకాణాయన. యాసిడ్ బోరు నీళ్ళ సున్నపు పొరను కరిగిస్తుంది. బంకమట్టి దానికి లొంగదు.

రైతు ప్రశ్న నిజంగా చిక్కుదే. మామూలు డిస్క్ ఫిల్టర్ దాదాపు 130 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పైబడిన నలుసుల్నే ఆపుతుంది. బంకమట్టి రేణువు 2 మైక్రాన్లకు లోపే. చుక్కలు వదిలే డ్రిప్పర్ లోపలి వంకరదారి వెడల్పు సుమారు ఒక మిల్లీమీటరు, అంటే అలాంటి రేణువులు 500 పక్కపక్కన పట్టేంత. మరి దారెందుకు మూసుకుపోతుంది?

ఇలా నీళ్ళలో కరగకుండా, అడుక్కీ దిగకుండా తేలాడే పదార్థాలకు 1861లో థామస్ గ్రాహం 'కొల్లాయిడ్' అని పేరుపెట్టాడు. గ్రీకులో 'కొల్లా' అంటే జిగురే. 1906లో ఐన్‌స్టీన్ అలాంటి రేణువులు కలిస్తే ద్రవం ఎంత చిక్కబడుతుందో లెక్కగట్టాడు. ఆ లెక్కలో తప్పు దొర్లింది. ప్రయోగాల్లో అంకె కుదరకపోతే మళ్ళీ చూసి, 1911లో గుణకాన్ని, అంటే రేణువుల పాలు పెరిగితే చిక్కదనం ఎన్ని రెట్ల చొప్పున పెరుగుతుందో చెప్పే అంకెను, 2.5గా సరిదిద్దారు. (ఐన్‌స్టీన్ కూడా కూడికల్లో తప్పుతాడని తెలిస్తే మనసుకు కొంత హాయి.) అయితే ఆ సూత్రంలో పాత్రకు గోడల్లేవు. నీళ్ళు ఎటు చూసినా అనంతం.

గోడల సంగతి 1931లో రక్తం బయటపెట్టింది. గాజు గొట్టం వ్యాసం 0.3 మిల్లీమీటరు కంటే తగ్గేకొద్దీ రక్తం ఇంకా పలుచనైనట్టు పారుతోందని ఫారేయస్, లిండ్‌క్విస్ట్ అనే శాస్త్రవేత్తలు గమనించారు. ఎర్రకణాలు నడిమికి జరిగి, గోడ పక్కన పలుచటి ప్లాస్మాను (కణాలు లేని రక్తద్రవాన్ని) వదులుతాయి. ఇరుకైతే అన్నీ బిగుసుకుంటాయన్న మన అంచనా అక్కడే తప్పింది.

నాకు బాగా నచ్చేది 1983 నాటి పియెరాన్‌స్కీ అనే శాస్త్రవేత్త బృందం ప్రయోగం. రెండు గాజు పలకల్ని ఒక కొస కలిసేలా, రెండో కొస కాస్త విడేలా పెట్టి, మధ్యలో సన్నటి ప్లాస్టిక్ గోళీలున్న నీళ్ళు నింపారు. సందు ఒక్క పొరకు సరిపోయే చోట ప్రతి గోళీ చుట్టూ ఆరు గోళీలు చేరాయి. సందు పెరిగింది, కానీ రెండు ఆరేసి పొరలకు చాల్లేదు. అప్పుడు గోళీలు నాలుగేసి పేర్పుకు మారిపోయాయి. డబ్బాలో లడ్డూలు సర్దేటప్పుడు మూత పట్టకపోతే పై లడ్డూను మూడింటి మధ్య నుంచి తీసి నాలుగింటి మధ్య గుంటలో పెడతాం, కాస్త కిందికి దిగుతుంది. అదే తెలివి. సందు ఇంకా పెరిగితే రెండు ఆరేసి పొరలు, తర్వాత మూడు నాలుగేసి పొరలు.

మన డ్రిప్పుకు దగ్గరగా వచ్చింది మాత్రం 2006లో. సూక్ష్మ గొట్టాల్లో ప్లాస్టిక్ రేణువులు పంపి, మూసుకునేలోపు సగటున ఎన్ని దాటుతాయో వైస్, వైట్జ్ బృందం లెక్కించింది. నీళ్ళు పలుచన చేసినా, జోరు పెంచినా ఆ సంఖ్య మారలేదు. రేణువుతో పోలిస్తే దారి ఎంత వెడల్పన్నదే దాన్ని తేల్చింది. దాటే ప్రతి రేణువుకూ గోడకు అంటుకునే చిన్న అవకాశం ఉంటుంది, అలా అంటినవి పేరుకుని దారిని మింగేస్తాయి. డ్రిప్పర్ దారి వెడల్పులో పదో వంతుకు మించని నలుసులనే లోపలికి వదలమనే పాత ఫిల్టర్ లెక్క అనుభవంతో పుట్టింది. దాని వెనక ఉన్నదీ ఇలాంటి సంగతే.

బంకమట్టి గోళీ కాదు, పలచటి రేకు. రేకుల ముఖాల మీది రుణావేశం వాటిని దూరంగా నెడుతుంది. బోరు నీళ్ళలోని కాల్షియం ఆ ఆవేశాన్ని కమ్మేస్తే రేకులు ముద్దకడతాయి, అప్పుడు 2 మైక్రాన్ల లెక్క చెల్లదు. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలయ్యాక పూడిక మట్టిని పొలాలకు తోలుకున్నాం, చేనుకు అది బలమే. ఆ మట్టే కాలువ నీళ్ళతోనో చెరువు నీళ్ళతోనో వచ్చి బోరు నీళ్ళతో కలిస్తే కథ మారుతుంది. రెండూ ఒకే తొట్టిలో పోసి ఒక పూట తేరనిస్తే ముద్దల్లో చాలా మటుకు తొట్టి అడుగునే దిగుతాయి. తేరనివ్వకపోతే ఆ దిగడం లాటరల్ చివర, నీటి జోరు తగ్గే చోట జరుగుతుంది.