"నాలుగు రోజులు వేశాం, తగ్గలేదు": కంటి అలర్జీ చుక్కల మందులపై అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్. పురం వైపు నుంచి మా క్లినిక్‌కు వచ్చే తెలుగువారిలో, కళ్ల దురదతో బాధపడే పిల్లల తల్లిదండ్రులు తరచుగా చెప్పే మాట ఇది: "నాలుగు రోజులు చుక్కలు వేశాం డాక్టరుగారూ, తగ్గలేదని మానేశాం."

అపోహ: వేసిన వెంటనే దురద పోకపోతే ఆ మందు పనిచేయనట్టే.

వాస్తవం: కంటి తెల్లభాగాన్నీ, రెప్ప లోపలి వైపునూ కప్పి ఉంచే పలుచని పొరలో మాస్ట్ కణాలు అనే, అలర్జీని రేపే రక్షణ కణాలు ఉంటాయి. ఒక్కొక్క కణంలో హిస్టమిన్ అనే, దురద పుట్టించే రసాయనం నిండిన సూక్ష్మమైన రేణువులు ఎన్నో ఉంటాయి. కణంపై అతుక్కుని ఉన్న ఐజీఈ యాంటీబాడీలను (అలర్జీ కలిగించే పదార్థాన్ని గుర్తుపట్టే ప్రోటీన్లను) పుప్పొడిలోని ప్రోటీన్ జతగా పట్టి కలిపినప్పుడు, కణంలోకి కాల్షియం ప్రవేశించి, రేణువులలోని హిస్టమిన్ బయటికి వస్తుంది. దురద, ఎరుపు, నీరు కారడం అక్కడినుంచే మొదలవుతాయి. అలర్జీకి వేసే క్రోమోగ్లైకేట్ వంటి చుక్కల మందు ఈ విడుదలనే అడ్డుకుంటుంది తప్ప, అప్పటికే బయటపడిన హిస్టమిన్‌ను ఏమీ చేయలేదు. అందుకే దాని ఫలితం పూర్తిగా కనిపించడానికి ఒకటి రెండు వారాలు పట్టవచ్చు, రోజుకు నాలుగైదుసార్లు క్రమం తప్పకుండా వేయవలసి ఉంటుంది. వర్షాల తరువాత ఖాళీ స్థలాలలో వయ్యారిభామ పూసే రోజులలో ఏటా బాధపడేవారికి, దురద మొదలయ్యేదాకా ఆగకుండా ముందే ప్రారంభించమని నేను చెబుతాను.

ఓలోపటాడిన్, కీటోటిఫెన్ అనే చుక్కల మందులు మాత్రం హిస్టమిన్ గ్రాహకాలను (హిస్టమిన్ వెళ్లి అతుక్కునే చోట్లను) కూడా మూసివేస్తాయి కనుక నిమిషాలలోనే ఉపశమనం ఇస్తాయి.

అపోహ: పోయినేడు త్వరగా తగ్గించిన చుక్కలనే మళ్లీ కొనుక్కోవచ్చు.

వాస్తవం: అంత త్వరగా తగ్గించినది స్టెరాయిడ్ (వాపును గట్టిగా అణిచే మందు) అయి ఉండవచ్చు. తీవ్రమైన అలర్జీలో మేమూ దానిని కొద్దికాలం రాస్తాం. కానీ పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు (గ్లాకోమా), కొందరిలో శుక్లాలు రావచ్చు. నీటికాసుల వల్ల పోయిన చూపును ఏ శస్త్రచికిత్సా తిరిగి తేలేదు. ఒక బిడ్డకు అలా జరగడం చూసిన తరువాత, పాత సీసాలన్నీ వెంట తెమ్మని ప్రతి తల్లినీ అడుగుతున్నాను.

అపోహ: కళ్లు నులుముకుంటే హాయి కలుగుతుంది కనుక హాని లేదు.

వాస్తవం: ఆ రాపిడికే మాస్ట్ కణాలు మరింత హిస్టమిన్ విడుదల చేస్తాయి. ఏళ్ల తరబడి నులిమే పిల్లలలో నల్లగుడ్డుపైనున్న పారదర్శక పొర పలుచబడి, శంకువులా ముందుకు ఉబ్బే ప్రమాదం ఉంది. చన్నీళ్లలో తడిపి పిండిన శుభ్రమైన గుడ్డను మూసిన రెప్పలపై కాసేపు ఉంచితే దురద నెమ్మదిస్తుంది.