పాస్‌త్రూ పనిచేయకపోతే తప్పు గెస్ట్‌దేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

పాస్‌త్రూ అంటే కంప్యూటర్‌లోని ఓ పరికరాన్ని నేరుగా వీఎం (వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) చేతికి ఇవ్వడం. ఆ లోపలిది గెస్ట్, దాన్ని నడిపే అసలు మెషీన్ హోస్ట్. "గ్రాఫిక్స్ కార్డు వీఎంకి ఇచ్చాను, స్క్రీన్ నల్లగానే ఉంది" అని అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే గెస్ట్‌లో విండోస్‌ని రెండుసార్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఉంటారు. నేను మాత్రం ముందు హోస్ట్ లాగ్ చూపించమంటాను. లినక్స్, కేవీఎం (లినక్స్‌లో వీఎంలు నడిపే భాగం) మీద నేను చూసిన సమస్యల్లో ఎక్కువ భాగం వీఎం మొదలవకముందే అక్కడ రాసి ఉన్నవే.

అపోహ: బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేశాను, ఇక చాలు.

వాస్తవం: అది సీపీయూ వరకే. సీపీయూలో వీటీ-ఎక్స్ (ఇంటెల్‌ది) లేదా ఏఎండీ-వీ ఉంటే వీఎంలు హాయిగా నడుస్తాయి, అందుకే అనుమానం రాదు. కానీ పరికరం నేరుగా మెమరీలోకి రాస్తుంది కదా, అది తన గెస్ట్ హద్దు దాటకుండా చూడాల్సింది ఐఓఎంఎంయూ అనే హార్డ్‌వేర్ భాగం. ఇంటెల్‌లో దాని పేరు వీటీ-డీ, ఏఎండీలో ఏఎండీ-వీఐ. దీనికి బయోస్‌లో తరచుగా వేరే స్విచ్ ఉంటుంది. ఇంటెల్ మీద చాలా డిస్ట్రోల్లో (లినక్స్ రకాల్లో) బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కి, అంటే లినక్స్ గుండెకాయకి, ఇచ్చే కమాండ్ లైన్‌లో కూడా ఆన్ చేయాలి. ఆ లైన్‌లో పెట్టే 'ఐఓఎంఎంయూ=పీటీ' (పీటీ అంటే పాస్‌త్రూ) పేరు చూసి మోసపోకండి. అది హోస్ట్ వాడుకునే పరికరాలకు అడ్రస్ అనువాదం తప్పించడానికి, వీఎంకి పరికరం ఇవ్వడానికి కాదు.

అపోహ: గ్రూప్ (ఐఓఎంఎంయూ విడదీయలేక కలిపి చూసే పరికరాల గుంపు) విడిపోకపోతే ఏసీఎస్ ఓవర్‌రైడ్ ప్యాచ్ వేస్తే సరి.

వాస్తవం: ఏసీఎస్ అంటే పరికరాలు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోకుండా ఆపే గోడ లాంటి హార్డ్‌వేర్ సదుపాయం. ఈ ప్యాచ్ గోడ కట్టదు, గోడ ఉందని కెర్నల్‌కి చెబుతుంది. అంతే. ఒకే గ్రూప్‌లో ఉన్న పరికరాలు ఐఓఎంఎంయూ కంట పడకుండా ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు, అందుకే వీఎఫ్ఐఓ (పరికరాన్ని వీఎంకి అప్పగించే లినక్స్ డ్రైవర్) గ్రూప్ మొత్తాన్నీ ఒకే ముద్దగా చూస్తుంది. ఈ ప్యాచ్ అసలు కెర్నల్‌లోకి రాకపోవడానికి కారణం ఉంది. ఇంట్లో ఆటల కోసం వాడితే మీ ఇష్టం. వేరేవాళ్ల వీఎంలు నడిచే సర్వర్‌లో మాత్రం వద్దు. ముందు కార్డును సీపీయూకి నేరుగా కలిసే స్లాట్‌లోకి మార్చి చూడండి, చాలాసార్లు గ్రూప్ దానంతటదే విడిపోతుంది.

అపోహ: గెస్ట్ విండోస్‌లో కోడ్ 43 (పరికరాన్ని ఆపేశానని చెప్పే ఎర్రర్) వచ్చిందంటే ఎన్విడియా అడ్డుకుంటోంది.

వాస్తవం: ఒకప్పుడు నిజమే. ఎన్విడియా జీఫోర్స్ కార్డుల డ్రైవర్ హైపర్‌వైజర్‌ని (వీఎంని నడిపే సాఫ్ట్‌వేర్‌ని) పసిగట్టి మొండికేసేది, మనం కేవీఎంని దాచేవాళ్లం. 2021లో 465 సిరీస్ డ్రైవర్‌తో ఎన్విడియాయే తలుపు తీసింది. ఇప్పటికీ 43 కనిపిస్తే, హోస్ట్ బూట్ స్క్రీన్ ఆ కార్డు మీదే వచ్చిందేమో చూడండి. అలాంటప్పుడు హోస్ట్ ఫ్రేమ్‌బఫర్ (తెర మీద బొమ్మ చూపే డ్రైవర్) కార్డు మెమరీని పట్టుకుని కూర్చుంటుంది, డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్‌లో) 'బార్' (కార్డు మెమరీకి కేటాయించిన అడ్రస్ భాగం) రిజర్వ్ చేయలేకపోయానన్న లైన్లు వరుసగా కనిపిస్తాయి.

మొదటిసారి బాగా నడిచి, వీఎం ఆపి మళ్లీ మొదలుపెడితే తెర నల్లబడిందా? డ్రైవర్ జోలికి పోకండి. పాత ఏఎండీ కార్డులు కొన్ని, ముఖ్యంగా పొలారిస్, వేగా, నావి 10 తరాలవి, సరిగా రీసెట్ కావు. హోస్ట్‌ని రీబూట్ చేస్తే గానీ మామూలు స్థితికి రావు. వీటి కోసం 'వెండర్-రీసెట్' అనే మాడ్యూల్ ఉంది.

మెమరీ బెలూనింగ్‌తో (వీఎం వాడని ర్యామ్‌ని హోస్ట్ వెనక్కి తీసుకునే పద్ధతితో) ర్యామ్ మిగులుతుందనే ఆశ కూడా వద్దు. పీసీఐ పరికరం ఇచ్చిన వీఎంకి 16 జీబీ అంటే, సాధారణంగా ఆ 16 జీబీ మొదట్లోనే లాక్ అయిపోతుంది.

ఇక నా సొంత నిర్వాకం. ఒకే మోడల్ కార్డులు రెండు పెట్టి, వీఎఫ్ఐఓకి ఏ కార్డు పట్టుకోవాలో చెప్పడానికి వెండర్, డివైజ్ ఐడీ (తయారీదారు, మోడల్ నంబర్లు) ఇచ్చాను. రెండిటి ఐడీ ఒకటే కదా! రెండిటినీ లాగేసుకుంది, హోస్ట్‌కి తెరే లేదు. వేరే మెషీన్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీదుగా కమాండ్లు ఇచ్చే పద్ధతితో) లోపలికి వెళ్లి సరిచేసుకున్నాను. అప్పటినుంచి ఐడీతో కాకుండా పీసీఐ అడ్రస్‌తో (మదర్‌బోర్డులో కార్డు ఎక్కడుందో చెప్పే నంబర్‌తో) కట్టేస్తున్నాను. దానికీ ఓ తిరకాసు ఉంది: మదర్‌బోర్డులో కొత్త కార్డు ఏది పెట్టినా ఆ అడ్రస్‌లు జరగొచ్చు, అందుకే పెట్టిన ప్రతిసారీ 'ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే' కొట్టి ఏ పరికరం ఏ డ్రైవర్ చేతిలో ఉందో చూశాకే వీఎం ఆన్ చేస్తాను.