‘బాగుండా మేడమ్’ అనే పిల్లల గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. నా గది ఒకప్పుడు జిరాక్స్ గది. ఇప్పటికీ వారానికి ఒకరైనా తలుపు తోసి "రికార్డు షీట్లున్నాయా మేడమ్?" అని అడుగుతారు. నేనేమీ అనుకోను. నా దగ్గరికి రావాలనుకున్న పిల్లలకు ఎవరైనా చూస్తే చెప్పుకోడానికి ఒక సాకు దొరికింది.

అపోహ: కౌన్సెలింగ్‌కి పిలిచారంటే ఏదో తప్పు చేసినట్టే

మన దగ్గర ఈ మాటకు పట్టిన గతి అలాంటిది. ఇంటర్ అయ్యాక కౌన్సెలింగ్ అంటే సీట్ల కేటాయింపు. పోలీస్ స్టేషన్లో కౌన్సెలింగ్ అంటే రౌడీషీటర్లను వరసగా నిలబెట్టి హెచ్చరించడం. లెక్చరర్ "వాడికి కౌన్సెలింగ్ ఇచ్చాను" అన్నారంటే గట్టిగా తిట్టారని అర్థం. నా పని ఇవేవీ కాదని చెప్పుకోడానికే మొదటి పది నిమిషాలు పోతాయి. నేను వింటాను, ప్రశ్నలడుగుతాను. మందులు రాయను, అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరికి పంపిస్తాను. ప్రాణానికి ముప్పుంటే తప్ప ఇక్కడ చెప్పింది బయటికి పోదు.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలని అందులో ఉంది. కాబట్టి మీ కాలేజీలో ఎవరూ లేకపోతే అడగండి.

అపోహ: మనసు గట్టిదైతే ఎవరి ఆసరా అక్కర్లేదు

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఇది. నిబ్బరం అనేది పుట్టుకతో కొందరికి దక్కిన కండబలం లాంటిదని అనుకుంటాం. స్వభావానికీ కొంత పాత్ర ఉంది, కాదనను. కానీ హవాయిలోని కవాయి దీవి సంగతి చూడండి. అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వవేత్త తన సహచరులతో కలిసి నలభై ఏళ్ల వయసు దాకా గమనిస్తూ వచ్చారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మానసిక జబ్బులు ఇలా అన్నీ చుట్టుముట్టిన పిల్లల్లో కూడా మూడింట ఒక వంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్లలో తరచూ కనిపించిన సంగతి ఏంటంటే, తనను పట్టించుకునే పెద్దమనిషి ఒక్కరైనా దగ్గర ఉండటం. అది అమ్మా నాన్నే కానక్కర్లేదు. అవ్వ కావచ్చు, టీచరు కావచ్చు, పక్కింటావిడ కావచ్చు.

అందుకే ఏడాదికోసారి మోటివేషన్ స్పీకర్‌ని పిలిచి ఆడిటోరియంలో చప్పట్లు కొట్టించే ఖర్చుతో హాస్టల్ మెస్ రాత్రి ఇంకో గంట తెరిచి ఉంచితే మేలని మా మీటింగుల్లో అంటూ ఉంటాను. కలిసి కూర్చుని తినేచోటే పిల్లలు మాట్లాడుకుంటారు. ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు.

అపోహ: స్నేహితులు బోలెడుమంది ఉన్నవాడికి దిగులేంటి?

వివరాలు మార్చి ఒక అబ్బాయి గురించి చెప్తాను. ఉదయగిరి వైపు పల్లె, రెండో సంవత్సరం, నాలుగు బ్యాక్‌లాగులు. క్రికెట్ టీంలో ఉన్నాడు, ఫోన్ ఆగకుండా మోగుతూనే ఉంది. హాల్‌టికెట్‌ని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ మడతలు పెడుతున్నాడు. ఏమడిగినా "బాగుండా మేడమ్" అంటాడు. అప్పుడు నేను అందరినీ అడిగే ప్రశ్నే అడిగాను: "రాత్రి రెండింటికి కడుపులో నొప్పొస్తే ఎవరిని లేపుతావు?"

చాలాసేపు ఆలోచించాడు. "ఎవర్నీ లేపను మేడమ్. తెల్లారేదాకా ఓర్చుకుంటా."

రూములో ఇంకో ముగ్గురున్నారు.

ఆసరాను కొలవడానికి 1988లో జిమెట్ అనే మనస్తత్వవేత్త బృందం తయారుచేసిన ప్రశ్నావళి ఒకటి చాలా దేశాల్లో వాడుకలో ఉంది. అందులో పన్నెండు వాక్యాలే. నీకెంతమంది స్నేహితులని ఒక్కదాంట్లోనూ అడగరు. నా కష్టాలు ఇంట్లో చెప్పుకోగలనా, స్నేహితుల మీద భరోసా పెట్టుకోగలనా అనే తీరులో ఉంటాయి. సాయం నిజంగా ఎంత అందిందన్న దానికంటే, అడిగితే అందుతుందన్న నమ్మకమే మనసును ఎక్కువగా కాపాడుతుందని పరిశోధనలు మళ్లీ మళ్లీ చెప్తున్నాయి.

మూడు నెలల తర్వాత ఆ అబ్బాయిని అదే ప్రశ్న అడిగాను. "వాచ్‌మన్ తాతని" అన్నాడు. రోజూ రాత్రి గేటు దగ్గర ఆయనతో కాసేపు కూర్చుంటున్నాడట, ఇద్దరిదీ ఒకే వైపు. బ్యాక్‌లాగులు నాలుగూ అలాగే ఉన్నాయి. నిద్ర మాత్రం పడుతోంది.

అపోహ: కష్టాల్లో పెరిగిన పిల్లలు రాటుదేలి ఉంటారు

కనిగిరి, పొదిలి వైపు నుంచి వచ్చే పిల్లల గురించి ఈ మాట తరచూ వింటాను. వానల్లేక పొలం బీడుపెట్టి, పనుల కోసం హైదరాబాదో బెంగళూరో పోయిన కుటుంబాలు వాళ్లవి. ఆ పిల్లలు నేర్చుకున్నది తట్టుకోవడం కాదు, చెప్పకపోవడం. "అమ్మకు చెప్తే పని దగ్గర కుదురుగా ఉండలేదు మేడమ్" అంటారు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

అపోహ: ధైర్యం చెప్తే చాలు

ఒకమ్మాయి కావలి నుంచి రోజూ రైల్లో వచ్చేది. వాళ్లమ్మకు ఆపరేషన్ అయింది, ఇంట్లో వంటా పనీ ఈ పిల్ల మీదే పడ్డాయి. హాజరు 75 శాతానికి బాగా కిందికి పోయింది. "ఏం కాదులే, ధైర్యంగా ఉండు" అని కనీసం ఇరవై మంది చెప్పుంటారు. ఆమెను నిలబెట్టింది ఇద్దరు. ఒకరు రోజూ సాయంత్రం నోట్సు ఫోటోలు తీసి పంపిన పక్క బెంచీ పిల్ల. రెండోవారు, ఏ కాగితం ఏ తేదీలోపు ఆఫీసులో ఇవ్వాలో చీటీ మీద రాసిచ్చిన ల్యాబ్ మాస్టారు. వచ్చిన కష్టానికి తగిన సాయం అందితేనే ఆ ఒత్తిడి దెబ్బ తగ్గుతుందని కోహెన్, విల్స్ అనే మనస్తత్వవేత్తలు 1985లోనే రాశారు.

మనకిది కొత్త సంగతేమీ కాదు. మా నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, కోరికకో రొట్టె ఇచ్చిపుచ్చుకునే రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో దిగినవాళ్లు చదువు రొట్టె కావాలంటే చదువు రొట్టే వెతుక్కుంటారు. పెళ్లి రొట్టె చేతిలో పెడితే తీసుకోరు. అక్కడ ముక్కూ మొహం తెలియని మనిషిని నోరు తెరిచి అడుగుతాం. రూమ్మేటును అడగడానికి మాత్రం నామోషీ.

అపోహ: చచ్చిపోవాలనుందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే

కాదు. నేరుగా అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, పెరగదు. చాలామందికి అడిగారన్న ఊరటే ముందు కలుగుతుంది. చుట్టూ తిప్పకుండా, తిట్టకుండా, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అనే అడగండి. అడిగాక జవాబు వచ్చేదాకా గమ్మునుండండి. ఇదే కష్టం, నాక్కూడా ఇప్పటికీ కష్టమే. అవునంటే ఒంటరిగా వదలొద్దు, వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

పోలీసు కేసవుతుందని దాచిపెట్టే తల్లిదండ్రులున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, వేరేలా రుజువైతే తప్ప శిక్షించకూడదు. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ లైను టెలీ మానస్, నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైంది, డబ్బులక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఆ నంబరు మొదట నా గది తలుపుకి బయటివైపు అంటించాను. నలుగురూ చూస్తారని ఎవరూ దాని ముందు ఆగేవాళ్లు కాదు. ఇప్పుడు లోపలివైపు అంటించాను. వెళ్లేటప్పుడు తలుపు తీయబోయి, ఒక్క క్షణం ఆగి, ఫోటో తీసుకుని పోతున్నారు.