డీసీఎంల బత్తాయి, రాకెట్ల శాటిలైట్

మా నల్లగొండ దిక్కు బత్తాయి తోటలున్నోళ్లకి ఈ లెక్క చెప్పే పని లేదు. మూడు టన్నుల కాయ ఉన్నోడు డీసీఎం మాట్లాడుకుంటడు, నాలాంటోడు పోయి "అన్నా, నాయి పది బస్తాలు ఏస్కపోరాదే" అంటడు, కిరాయిల నా వంతు నేనిస్త, కానీ బండి ఎప్పుడు కదలాలె, ఏ మార్కెట్‌కి పోవాలె అనేది నా చేతుల ఉండదు. ఓసారి ఆయన కాయ తెంపుడు లేటయ్యి నా బస్తాలు రెండు రోజులు చెట్టు కిందనే వడిలినయ్, ఏమంటం మరి.

2017 ఫిబ్రవరి 15న శ్రీహరికోట నుంచి లేచిన ఇస్రో రాకెట్ పీఎస్ఎల్‌వీ సీ37 గూడ గిసుంటి బండే. పెద్ద రైతు మన కార్టోశాట్, భూమి ఫొటోలు తీసే శాటిలైట్, 714 కిలోలు. బండిల ఇంక జాగ మిగిలింది గదా అని ఇంకో 103 చిన్నయి ఎక్కించిన్రు, అన్నీ కలిపినా 664 కిలోలే! అందుల 88 అమెరికా కంపెనీ ప్లానెట్‌వి, డవ్‌లు అంటరు, అవి గూడ ఫొటోలు తీసేటియే, ఒక్కోటి ఐదు కిలోల లోపే. దారి పెద్దాయనదే, 505 కిలోమీటర్ల ఎత్తుల, ఏ ఊరి మీదికొచ్చినా రోజూ దాదాపు అదే టైముకు వచ్చే కక్ష్య. ఫొటోలు తీసేటోళ్లకి అదే కావాలె, ఎందుకంటే నీడలు ఒక్కతీరుగ పడ్తయ్. కాబట్టి డవ్‌లకి పేచీ లేదు. వేరే దారి కావాల్నంటే మాత్రం ఈ బండి పనికిరాదు, ఇంజిన్ లేని చిన్న శాటిలైట్ ఏడ దించితే ఆడనే.

దించుడు గూడ సోకుగుంటది. ముందుగాల కార్టోశాట్ దిగింది, తర్వాత మిగతయి, అవి కూసున్న డబ్బా మూత తెరుచుకోంగనే లోపలి స్ప్రింగు మెల్లగ బయటికి నూకుతది, ఒకదానికొకటి తగలకుండ టైము, దిక్కు మార్చుకుంట వదుల్తరు. అన్నీ సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల స్పీడుల ఉన్నా పక్కపక్కన పోయేటియి గాబట్టి వాటి మధ్య తేడా నడక స్పీడంత, గంతే.

నాకు బాగ నచ్చిన ముచ్చట దాని తర్వాతది. 88 డవ్‌లు గుంపుగ దిగితే అందరూ ఒక్క జాగనే ఫొటో తీసినట్టయితది గదా, భూమి చుట్టూ దండ లెక్క సర్దుకోవాలె, ఇంజిన్ లేదాయె. ఆ ఎత్తుల గూడ సన్నగ గాలుంటది. కొన్ని డవ్‌లు రెక్కలు గాలికి అడ్డం పెడ్తయ్, బ్రేకు పడ్తది, కొంచెం కిందికి దిగుతయ్, దిగినయి చుట్టు తొందరగ తిరిగి ముందుకు పోతయ్. బ్రేకేసినోడే ముందు పోవుడు, మన రోడ్డు మీద ఎన్నడన్న చూసినమా? గట్ల వారాలు, నెలలు పట్టి ఎడం చేసుకుంటయ్.

కార్టోశాట్‌తోని కలిపి ఒక్క రాకెట్ల 104 అన్న ఈ రికార్డు 2021 జనవరిల పోయింది, అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ ఒకే రాకెట్ల 143 పంపింది.

ఇగ బండి బోల్తా పడితే? 2022 ఆగస్టు 7న మన ఇస్రో చిన్న రాకెట్ ఎస్ఎస్ఎల్‌వీ మొదటిసారి ఎగిరినప్పుడు 750 మంది సర్కారు బడి ఆడపిల్లలు చేతులేసిన ఆజాదీశాట్ అనే చిన్న శాటిలైట్ అందుల ఎక్కింది. సెన్సర్ల కాడ తేడా వచ్చి రాకెట్ దాన్ని ఓ దిక్కు 76 కిలోమీటర్ల ఎత్తుకు దిగొచ్చే దారిల వదిలింది, అంత కింద గాలికి ఏదీ నిలవదు. పిల్లల శాటిలైట్ల తప్పేం లేదు. ఆరు నెలలకు, 2023 ఫిబ్రవరి 10న, ఆజాదీశాట్-2 చేసి మళ్ల అదే తీరు రాకెట్‌కే ఎక్కించిన్రు, ఈసారి సక్కగ దిగింది.