క్యాన్సర్ వచ్చిన ఫైర్‌మన్ రాజీనామా ఇవ్వాలా? అపోహలు - వాస్తవాలు

సర్వీసు, పెన్షన్ ఫైళ్లు చూసే పని నాది. వాట్సాప్‌లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది: "ఫైర్‌మన్‌కి క్యాన్సర్ వస్తే డ్యూటీ వల్లే వచ్చినట్టు లెక్క, మొత్తం పైసలిస్తరు." అది అమెరికా ముచ్చట. కాలిఫోర్నియాలో 1982 నుంచే అలాంటి చట్టం ఉంది. మన దగ్గర లేదు. ఫార్వర్డ్ చేసేవాళ్లకేం, ఆశపడి ఆఫీసుల చుట్టూ తిరిగేది పేషెంటు ఇంటివాళ్లు.

కొంప ముంచే అపోహ ఇంకోటుంది. "డ్యూటీ వల్లే వచ్చిందని నిరూపించలేకపోతే ఏమీ రాదు, రాజీనామా ఇచ్చేయడమే నయం" అని. దయచేసి ఆగండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20(4) ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టు, అదీ ఖాళీ లేకపోతే దొరికేదాకా లేదా రిటైరయ్యేదాకా సూపర్‌న్యూమరరీ పోస్టు, అంటే ఆ ఉద్యోగి కోసమే అదనంగా సృష్టించే పోస్టు, ఇవ్వాలి. అది పొగ వల్ల వచ్చిందా, బీడీల వల్ల వచ్చిందా అని ఆ సెక్షన్ అడగదు. క్యాన్సర్ పేరు చట్టం జాబితాలో లేదు, నిజమే. కానీ దానివల్ల కాలు తీసేస్తే వైకల్యమే, స్వరపేటిక తీసేయడమైతే షెడ్యూల్లో పేరు పెట్టి మరీ రాశారు.

గొంతు ఆపరేషన్‌తో మాట పోయిన లీడింగ్ ఫైర్‌మన్ ఒకాయన వచ్చాడు, ఎక్స్‌రే కవర్లో రాజీనామా లెటర్ రెడీ. "ఇచ్చెయ్యన్నా, జల్ది సెటిలైతది" అన్నారట ఎవరో. వాళ్లావిడేమో "పెన్షనన్నా వస్తది కద సార్, పిల్ల ఇంటర్ చదువుతున్నది" అంటోంది. రాదమ్మా, రాజీనామా ఇస్తే పెన్షన్ రూల్స్ ప్రకారం వెనకటి సర్వీసంతా పోతుంది. ఆయన ఫోన్లో టైప్ చేసి చూపించాడు: "నిచ్చెన ఎక్కలేను కదా." ఎక్కక్కర్లేదన్నా, స్టోర్స్‌లో రిజిస్టర్ రాయొచ్చు అన్నాను. వైకల్య సర్టిఫికెట్‌కు అప్లై చేయించి, 20(4) కింద దరఖాస్తు పెట్టించాం. ఇప్పుడు స్టోర్స్‌లోనే చేస్తున్నాడు.

ఆరోగ్యం చెడి పనికి పనికిరారని ఇన్‌వాలిడ్ పెన్షన్ ఇచ్చి పంపేశారు, ఇక అయిపోయిందంటారా? ఆ పెన్షన్ ఇచ్చినంత మాత్రాన ఉద్యోగ రక్షణ పోదని, కాలు పోయిన కానిస్టేబుల్ కేసులో సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. అది అప్పటి 1995 దివ్యాంగుల చట్టం మీద వచ్చిన తీర్పు.

పొగకీ క్యాన్సర్‌కీ సంబంధమే లేదనే పెద్దమనుషులకు: 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం అగ్నిమాపక వృత్తినే గ్రూప్ 1లో పెట్టింది, అంటే క్యాన్సర్ తెస్తుందని తేలినట్టే. మూత్రాశయ క్యాన్సర్‌కు, మీసోథీలియోమాకు (ఎక్కువగా ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్) గట్టి ఆధారాలున్నాయి, అన్ని క్యాన్సర్లకూ కాదు. పరిహారం కోసం ఆ లింకు చూపించాలంటే ఏ ఫైర్ కాల్‌కి వెళ్లారో రిజిస్టర్ కాపీలు తీసిపెట్టుకోండి, హైదరాబాద్ బజార్‌ఘాట్‌లో అయినట్టు కెమికల్ డ్రమ్ముల మంటలైతే మరీ ముఖ్యం. డిశ్చార్జ్ సమ్మరీలో వృత్తి దగ్గర "ఉద్యోగి" అని వదిలేస్తారు, ఫైర్‌మన్ అని, ఎన్నేళ్లో కూడా రాయమని డాక్టర్‌ని అడగండి.

జీడిమెట్ల, పటాన్‌చెరు ప్రైవేటు ఫ్యాక్టరీల ఫైర్ సిబ్బందికి 20(4) వర్తించదు, అది ప్రభుత్వ సంస్థలకే. ఈఎస్ఐ ఉండి అర్హత సర్వీసుంటే, క్యాన్సర్‌కు ఎక్స్‌టెండెడ్ సిక్‌నెస్ బెనిఫిట్ (దీర్ఘకాల జబ్బులకిచ్చే భత్యం) కింద రెండేళ్ల వరకు జీతంలో 80 శాతం వస్తుంది. వాళ్లూ తొందరపడి ఉద్యోగం మానేయొద్దు.