అపోహలు - వాస్తవాలు: "వాళ్ళే రారండీ" అనే మాట

తల్లులకూ పసిబిడ్డలకూ అందాల్సిన వైద్యం ఎవరికి అందుతోంది, ఎవరి దగ్గర ఆగిపోతోంది అని ఇంటింటికీ తిరిగి రాసుకునే పని నాది. అంతకుముందు కొన్నేళ్ళు లేబర్ రూములో స్టాఫ్ నర్సుగా చేశాను. పదేళ్ళ పైనుంచీ నెల్లూరు, ప్రకాశం పల్లెలే నా ఆఫీసు. కావలి వైపు కూర్చున్నా కనిగిరి వైపు కూర్చున్నా గంట తిరక్కుండా ఎవరో ఒకరు అనే మాట ఒకటుంది: "మనం అన్నీ ఇస్తానే ఉన్నామండీ, వాళ్ళే రారు." వాళ్ళంటే యానాదులు, చెంచులు, బేల్దారి, అంటే ఇళ్ళు కట్టే పనులకు వలసపోయేవాళ్ళు. ఆ మాట ఆఫీసరు అంటే వాదించొచ్చు. పోయిన నెల ఒక యానాది ముసలామె తనంతట తానే నాతో అంది, "మాకే తెలివి లేదులేమ్మా" అని. ఆమె చేత కూడా ఆ మాట అనిపించామే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: పేదోళ్ళకు అవగాహన లేదు, అందుకే ఆసుపత్రికి రారు

వాస్తవం: చాలామంది వచ్చారు. వచ్చినప్పుడు ఏం జరిగిందో ఎవరూ రాసుకోలేదు.

తల్లి గానీ పసిబిడ్డ గానీ చనిపోతే ఆ ఇంటికి వెళ్ళి, మొదటి నొప్పి దగ్గర్నుంచి చివరి ఊపిరి దాకా జరిగింది జరిగినట్టు అడిగి రాసుకుంటాం. దీన్నే వెర్బల్ అటాప్సీ అంటారు. విడవలూరు దాటి సముద్రం వైపు పోతే రొయ్యల గుంటలే గుంటలు. వాటి కాపలాకు కట్టమీదే పాక వేసుకుని ఉండే కుటుంబాల్లో ఎక్కువమంది యానాదులు. అక్కడ మూడో రోజున బిడ్డ పోయిందని తెలిసి వెళ్ళాం. నా చేతికొచ్చిన కాగితంలో అప్పటికే ఒక గడిలో టిక్కు పెట్టి ఉంది: "ఆసుపత్రికి రావడానికి నిరాకరించారు."

బిడ్డను పోగొట్టుకున్న ఆ పిల్లకు పంతొమ్మిదేళ్ళుంటాయి. మాట్లాడలేదు. వాళ్ళ అత్త మాట్లాడింది. "మేం రాలేదని ఎవురు చెప్పారమ్మా? రెండు తూర్లు పోయినాం. ఆధార్ తెమ్మన్నారు. మాకు యాడుండాది? రెండో తూరి పోతే, స్నానం చేసి రాకూడదా అని అందరి ముందరా అన్నారు. కోడలు ఏడ్చింది. ఇంక రానంటే రానన్నది."

నొప్పులొచ్చింది నెలలు నిండకముందే, రాత్రిపూట. మొగుడు అవతలి గుంట మీద ఉన్నాడు. గుంటకు గాలి కొట్టే మోటార్లు ఆగితే రొయ్య చచ్చి తేలిపోద్దని యజమాని భయం, అడ్వాన్సు తీసుకున్నాం కదా అని ఇతని భయం. ఫోను చేశారు, 108 కూడా వచ్చింది. వచ్చింది తారురోడ్డు దాకానే. వాన పడ్డ గుంటకట్ట మీద బండి దిగదు. దుప్పట్లో వేసి నలుగురు మోసుకొస్తుంటే దారిలోనే కాన్పయింది. బిడ్డను తడిగుడ్డలోనే చుట్టారు. తల్లికి రక్తం ఆగలేదు. మొదట చేర్చిన చోట రక్తం లేదని ఇంకోచోటికి పంపారు. తల్లి బతికింది. నెలలు నిండని ఆ బిడ్డ చల్లబడిపోయి, పాలు తాగలేక మూడో రోజు పోయింది. బిడ్డను తుడిచి, బట్ట లేకుండా తల్లి గుండెలకు ఆనించి, పైన దుప్పటి కప్పితే ఒంటి వేడి నిలుస్తుంది. రెండుసార్లు ఆసుపత్రి మెట్లెక్కిన ఆ పిల్లకు ఆ ఒక్క మాట చెప్పిన మనిషి లేడు.

ఇందులో నిరాకరించింది ఎవరు?

1994లో శెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు తల్లుల మరణాలను మూడు ఆలస్యాలుగా విడదీశారు. వెళ్దామని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. మన దగ్గర ఏ సమావేశంలో చూసినా మొదటి ఆలస్యం గురించే మాట్లాడతారు, ఎందుకంటే దాన్ని ఇంటివాళ్ళ మీదకి నెట్టెయ్యొచ్చు. ఆ ఇద్దరూ చెప్పిన అసలు సంగతి ఇంకోటుంది. చేరడం కష్టమని, చేరినా సరిగ్గా చూడరని ముందే అనుభవంలో ఉంటే ఆ లెక్క మొదటి నిర్ణయంలోనే కలిసిపోతుంది. గుంటకట్ట మీది పిల్ల "రాను" అన్నది అవగాహన లేక కాదు, అంతా తెలిసే. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. ఆ రెండు గంటల్లో మోత ఎంత, బండి ఎంత, రక్తం కోసం తిరుగుడు ఎంత అన్నది లెక్కేయకుండా అవగాహన సదస్సు ఒకటి పెడితే ఏం ఒరుగుతుంది?

అదే గడిలో నేనూ టిక్కు పెట్టినదాన్నే. లేబర్ రూములో ఉన్నప్పుడు ఒకామె చెప్పకుండా వెళ్ళిపోతే "పేషెంటు సహకరించలేదు" అని రాసి రిజిస్టరు మూశాను. ఎందుకు వెళ్ళిపోయిందో అడగలేదు. ఆ పేజీ ఇప్పటికీ కళ్ళముందు ఉంటుంది.

పశ్చిమాన ఇంకో కథ. దోర్నాల నుంచి ఒంగోలు పెద్దాసుపత్రి వంద కిలోమీటర్ల పైమాటే. ఎర్రగొండపాలెం మండలంలో పాలుట్ల లాంటి చెంచు గూడేలకైతే ముందు నల్లమల అడవిదారి దాటాలి. అక్కడ "నొప్పులు రాగానే ఫోన్ చెయ్యండి" అన్న సలహాకు అర్థమే లేదు. నెల ముందే రోడ్డు పక్కకు తెచ్చి, తిండి పెట్టి, తోడు మనిషిని కూడా ఉండనివ్వాలి. ఉత్తరాన సాలూరులో గిరిజన గర్భిణులకు అట్టాంటి వసతి గృహం పెడితే వచ్చి ఉన్నారు కదా. ఇక్కడి చెంచుల విషయంలో మాత్రం "వాళ్ళు అడవి వదిలి రారు" అని తేల్చేస్తారు. పిల్లల్ని ఎవరు చూస్తారు, ఆ నెల రోజుల కూలి ఎవరిస్తారు అని అడిగి చూడండి, సమాధానం వస్తుంది.

ఇది చదివేవాళ్ళలో ఆసుపత్రి గడప దగ్గర పనిచేసేవాళ్ళుంటే ఒక మాట. 2011 జూన్ నుంచి జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, తిండి, రానుపోను బండి, అన్నీ ఉచితం. పుట్టిన బిడ్డకు జబ్బు చేసినా ఉచితమే. ఆధార్ లేదని వైద్యం ఆపకూడదని 2018లోనే ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ చెప్పింది. నంబరు తర్వాత రాసుకోవచ్చు. ముందు బీపీ చూడండి.

అపోహ: మన రాష్ట్రం అంకెలు బాగున్నాయి, ఇంక ఈ సర్వేలెందుకు?

అంకెలు బాగున్న మాట నిజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఆసుపత్రి కాన్పులు 96.5 శాతం. 2018-20 లెక్కల్లో దేశం మొత్తమ్మీద లక్ష జననాలకు 97 మంది తల్లులు చనిపోతే మన దగ్గర 45. ఎంతోమంది ఏఎన్ఎంలు, ఆశాల కష్టం అది.

అయితే మా అమ్మ కందుకూరు దగ్గర పొగాకు గ్రేడింగుకు పోయేది. ఆమె నేర్పిన సంగతి చెప్తా. మంచి ఆకు, మాడిన ఆకు కలిపేసి, "సగటున ఫర్వాలేదు" అంటే వేలం కేంద్రంలో ఎవరూ ఊరుకోరు. ఏ బేలుకు ఆ బేలు విప్పి చూస్తారు. ఆకు విషయంలో ఉన్న పట్టుదల ఆడమనిషి ప్రాణం విషయంలో ఎందుకు ఉండదు? వెయ్యి కాన్పుల్లో ఆసుపత్రి బయట జరిగిన ఆ 35 అన్ని వీధులకూ సమానంగా పంచి ఉండవు. మేం తిరిగిన చోటల్లా అవి గుంటకట్టల మీద, గూడేల్లో, ఇటుక బట్టీల దగ్గర కుప్పపడి కనిపించాయి.

అందుకే ఇంట్లో ఫ్యాను ఉందా, మరుగుదొడ్డి ఉందా, పైకప్పు రేకులా స్లాబా అని అడుగుతాం. "కాన్పుకీ ఫ్యానుకీ ఏం సంబంధం?" అని కోప్పడతారు. కోపం న్యాయమే, మేమే సరిగ్గా చెప్పం. ఆ జవాబులతో ఇళ్ళన్నిటినీ కలిమిని బట్టి ఐదు వంతులు చేస్తాం. అడుగు వంతుకూ పై వంతుకూ తేడా ఎంత అన్నదే మాకు కావాల్సింది. కొత్త సదుపాయం ఏదొచ్చినా ముందు ఉన్నవాళ్ళకే చేరుతుందని, అందువల్ల మొదట్లో తేడా తగ్గకపోగా పెరుగుతుందని బ్రెజిల్ శాస్త్రవేత్త సీజర్ విక్టోరా బృందం 2000లో రాసింది. సగటు పైకి పోతూ ఉండగానే అడుగు వంతు ఉన్నచోటే ఉండిపోవచ్చన్నమాట.

"మా మండలంలో ఈ ఏడు ఒక్క తల్లి కూడా పోలేదు" అని చెప్పేవాళ్ళకు ఒక లెక్క. ఏడాదికి ఆరువందల కాన్పులయ్యే మండలంలో లక్షకు 45 చొప్పున చూసినా నాలుగేళ్ళకు ఒక మరణం ఉంటుంది. ఒక ఏడాది సున్నా వస్తే దానితో ఏమీ తేలదు. చావు అంచు దాకా వెళ్ళి బతికినవాళ్ళు ఎందరు, వాళ్ళు ఏ వీధివాళ్ళు అని చూస్తే తేలుతుంది.

ఇంకో సందు ఉంది, మన ఆచారంలోనే ఉంది. తొలికాన్పుకు పిల్ల పుట్టింటికి పోతుంది. అత్తవారి ఊరి ఏఎన్ఎం "వెళ్ళిపోయింది" అని రాస్తుంది. పుట్టింటి ఊరి ఏఎన్ఎం దగ్గర పేరు ఎక్కదు. కనిగిరి, పామూరు వైపు నుంచి హైదరాబాద్‌కో బెంగళూరుకో బేల్దారి పనికి పోయినవాళ్ళు ఎనిమిదో నెలలో తిరిగొస్తే వాళ్ళూ అంతే. రెండు రిజిస్టర్ల మధ్య పడిపోయిన ఈ ఆడవాళ్ళు ఏ సగటులోనూ కనపడరు. మీ ఇంట్లో పిల్ల కాన్పుకు వస్తే తల్లీబిడ్డల కార్డు మర్చిపోకుండా తెప్పించుకుని, వచ్చిన వారంలోనే మీ ఊరి ఆశాకు చూపించండి.

అపోహ: సిజేరియన్లు పెరిగాయంటే వైద్యం అందరికీ అందినట్టే

ఆ 2019-21 జాతీయ సర్వేలోనే మన రాష్ట్రంలో సిజేరియన్లు 42.4 శాతం, ప్రైవేటులో 63. జనాభా మొత్తమ్మీద పది శాతం దాటాక, సిజేరియన్లు పెరిగిన కొద్దీ తల్లుల, పసిబిడ్డల మరణాలు తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఒకే జిల్లాలో ఒకామెకు ముహూర్తం కోసం 37వ వారంలోనే కోస్తారు, బిడ్డ ఊపిరి అందక ఐసీయూకి పోతుంది. ఇంకొకామెకు బిడ్డ అడ్డం తిరిగినా థియేటరు దొరకదు. రెండూ అసమానతే. అవసరమై సిజేరియన్ అయినవాళ్ళు దీన్ని చదివి బాధపడొద్దు, ఆ కోత మీ ప్రాణం కాపాడింది.

మిగతావి త్వరగా చెప్తా, వీటి మీద ఇప్పటికే చాలా గొంతు పోయింది.

ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుట్టదు. విరోచనం నల్లగా అవుతుంది, అంతే. టీతో మాత్రం మింగొద్దు. గర్భిణికి ఫిట్స్ వస్తే గాలి సోకడం కాదు, అది గుర్రపువాతం. విడవని తలనొప్పి, కళ్ళు మసకబారడం, ముఖం వాపు కనపడితే అదే రోజు బీపీ చూపించండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఆ జాతీయ సర్వే లెక్కల్లో మన రాష్ట్రంలో 69.6 శాతం ఆడవాళ్ళు చేయించుకుంటే మగవాళ్ళది 0.4 శాతం. మగవాడికి చేసేది పొట్ట కొయ్యని చిన్న ఆపరేషన్, బలం పోదు, బరువులు ఎత్తొచ్చు. మొదటి మూడు నెలలు మాత్రం వేరే జాగ్రత్త వాడాలి.

గ్రహణం మొర్రి గురించి మాత్రం ఒక నిమిషం ఆగాలి. ఆ పేరే తల్లుల గొంతు మీద కత్తి. ఉదయగిరి వైపు ఒకామె తొమ్మిదేళ్ళ కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, "గ్రహణం నాడు వంకాయ కోశానమ్మా" అని ఇప్పటికీ ఏడుస్తోంది. గ్రహణానికీ మొర్రికీ సంబంధం లేదమ్మా. పిండం మొదటి రెండు మూడు నెలల్లో పెదవి కలవకపోవడం అది, ఆపరేషన్‌తో సరవుతుంది. నువ్వు కోసిన వంకాయ ఎవరికీ ఏమీ చెయ్యలేదు.

ఇక చివరిది, ఈ మధ్య వాట్సాప్‌లో తిరుగుతున్నది: సర్వేవాళ్ళకు నిజం చెప్తే రేషన్ కార్డు తీసేస్తారని. దీన్ని పుట్టించినవాళ్ళు ఎవరో గానీ, ఈ ఒక్క పుకారుతో మూడు ఊళ్ళలో మా ముందు తలుపులు మూసుకున్నాయి. మా కాగితాల్లో జవాబులున్నచోట పేరు ఉండదు, నంబరే ఉంటుంది. ఆ కాగితం రేషన్ ఆఫీసుకు పోదు. ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పక్కర్లేదు, మధ్యలో ఆపెయ్యమన్నా ఆపేస్తాం.

వచ్చే నెల మా సర్వే పిల్లలు మళ్ళీ గుంటల వైపు వస్తున్నారు. గుంటల యజమానులకు ఒక మనవి: మీ కాపలా కుటుంబంలో గర్భిణి ఉంటే ఆమెకు నొప్పులొచ్చిన పూట మొగుణ్ణి పనిలోనుంచి వదలండి, జీతం కొయ్యకుండా. వానాకాలం లోపల కట్ట మీద బండి దిగేంత మేర కాస్త గ్రావెల్ తోలించండి.

గుంటకట్ట మీది ఆ పిల్లకు మళ్ళీ ఐదో నెల. ఆధార్ ఇంకా రాలేదు. తల్లీబిడ్డల కార్డు మాత్రం రాయించాం, ఈసారి పరీక్షకు వెళ్ళేటప్పుడు నేనూ వెంట వెళ్తున్నా.