మత్తు డాక్టరు అడిగే ఆ ప్రశ్న వెనక

ఆపరేషన్‌కి ముందు రోజు మత్తు డాక్టరు షుగరు, బీపీ, అలర్జీలు, కట్టుడు పళ్లు అన్నీ అడిగాక, కాస్త మొహమాటపడుతూ ‘మీరు ఆర్యవైశ్యులా?’ అనడం దక్షిణాదిలో కొత్తేమీ కాదు. ఆస్పత్రిలో కులం గొడవేంటని చిరాకు పడేవాళ్లుంటారు. పడటం సహజమే. ఎందుకు అడుగుతున్నారో కూడా చెబితే సగం చిరాకు పోతుంది, హడావుడిలో అదొక్కటే చెప్పరు.

1950ల మొదట్లో సక్సినైల్‌కోలిన్ అనే మందు ఆపరేషన్ థియేటర్లలోకి వచ్చింది. మన డాక్టర్ల వాడుకలో స్కోలిన్. ఇది ఇస్తే నిమిషంలో కండరాలన్నీ వదులై, ఊపిరి అందించే గొట్టం గొంతులో వేయడం సులువవుతుంది. ఐదు పది నిమిషాల్లో దాని పని అయిపోతుంది. అంత తొందరగా దాన్ని విరగ్గొట్టేది రక్తంలో ఉండే బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము. కానీ కొద్దిమందికి గంటలు గడిచినా ఊపిరి తిరిగి రాలేదు. వాళ్లలో ఆ ఎంజైము పుట్టుకతోనే సరిగా లేదని తేలింది. 1957లో టొరంటోలో వెర్నర్ కాలో అనే శాస్త్రవేత్త దాన్ని పట్టుకునే పరీక్షను తయారుచేశారు.

తెలుగువాళ్ల సంగతి 1979లో బయటపడింది. ఈ ఎంజైము దాదాపు పనిచేయని రకం జన్యువు ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో చాలా ఎక్కువగా ఉందని రావు, గోపాలం ఒక పరిశోధన పత్రంలో రాశారు. జన్యువులో తేడా ఎక్కడుందో 2006లో తెలిసింది. 2017లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌కి చెందిన డేవిడ్ రైక్ బృందాలు దక్షిణాసియాలో 260కి పైగా సమూహాల జన్యువులు చూసి, ఈ లోపం వైశ్యుల్లో ఇతరుల కంటే సుమారు వంద రెట్లు ఎక్కువని చెప్పాయి.

‘మేనరికాల వల్లే’ అని చాలామంది తేల్చేస్తారు. అసలు కారణం ఇంకా పాతది. సుమారు వంద తరాల కిందట కొద్దిమంది పూర్వీకులతో మొదలైన సమూహం, అప్పటినుంచీ తమలో తామే సంబంధాలు చేసుకుంటూ వచ్చింది. అందుకే ఏ చుట్టరికం లేని, గోత్రాలు కూడా వేరైన ప్రొద్దుటూరు అమ్మాయికీ బెంగళూరు అబ్బాయికీ ఒకే లోపమున్న జన్యువు చెరొకటి ఉండొచ్చు. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ జన్యువు అందిన బిడ్డకే అసలు చిక్కు. అదీ స్కోలిన్ లాంటి మందు ఇస్తేనే. ఆ మందు రాకముందు రెండు వేల ఏళ్లు దీని గురించి ఎవరికీ తెలియాల్సిన అవసరమే రాలేదు. అరుదైన జబ్బు అనగానే పదహారు కోట్ల ఇంజెక్షన్ గుర్తొచ్చే ఈ రోజుల్లో, దీనికి మందే అక్కర్లేదు.

తెలియకుండా స్కోలిన్ ఇస్తే మాత్రం, ఆపరేషన్ అయిపోయినా పేషెంటు కనురెప్ప కూడా కదపలేడు. మత్తు మందు ఆపేసి ఉంటే లోపల మెలకువ రావచ్చు, మాటలన్నీ వినపడొచ్చు. విషయం పసిగట్టిన డాక్టరు మళ్లీ మత్తులో ఉంచి, వెంటిలేటరు మీద శ్వాస ఇస్తూ, మందు దానంతటదే తగ్గేదాకా కొన్ని గంటలు ఆగుతారు. బయట ఇంటివాళ్ల టెన్షన్ చెప్పక్కర్లేదు. ఆగితే మనిషి క్షేమంగా లేస్తాడు. తొందరపడి గొట్టం తీసేస్తేనే ప్రాణం మీదికొస్తుంది.

బెంగళూరులో దీనికో ప్రత్యేకమైన తిప్పలుంది. కేస్ షీటు మీద పేరు చూసి పోల్చుకోవడం ఇక్కడ కుదరదు. మంగళూరు వైపు శెట్టి అంటే బంట్లు, వాళ్లది వేరే కులం. వీవీపురం వాసవి గుడి దగ్గరి శెట్టిగారు తెలుగు వైశ్యులు. గుప్తా అని రాసి ఉంటే ఉత్తరాదివాళ్లూ కావచ్చు. ఉత్తరాది నుంచి వచ్చిన కొత్త డాక్టరుకి ఈ తేడాలు ఎలా తెలుస్తాయి? అడిగేదాకా చూడకుండా మనమే చెప్పడం నయం. వైశ్యులందరికీ ఈ లోపం ఉండదు, ఇతరుల్లోనూ అక్కడక్కడా ఉంటుంది. కాబట్టి కులం కంటే ‘మా అన్నయ్యకి ఆపరేషన్ తర్వాత చాలాసేపు ఊపిరి రాలేదు’ అన్న ముక్క డాక్టరుకి ఎక్కువ పనికొస్తుంది. ఒకరికి ఉంటే తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది.

తెలుసుకోవడానికి సీరం కోలినెస్టరేజ్ అనే రక్తపరీక్ష చాలు. కొన్ని పురుగుమందులు కూడా ఈ ఎంజైమును తగ్గిస్తాయి కాబట్టి, అవి ఒంట్లోకి వెళ్లాయని అనుమానం వచ్చినప్పుడు చేసేదీ ఇదే. అందుకే పుట్టుకతో ఎంజైము తక్కువున్నవాళ్ల రిపోర్టు అక్కడా తప్పుదారి పట్టించగలదు. గర్భిణుల్లో, లివర్ జబ్బున్నవాళ్లలో మామూలుగానే అంకె కాస్త తగ్గుతుంది. లోపం ఉందని తేలితే స్కోలిన్ మానేసి, కండరాలను వదులు చేయడానికి, ఈ ఎంజైముతో పనిలేని రోక్యురోనియం లాంటి మందు వాడతారు. ఆ మాట డిశ్చార్జ్ సమ్మరీలో రాయించుకుని, ఒక కాపీ ఫోన్‌లో పెట్టుకోవాలి.